దూలం కింది కంత

భుజం తీశానంటే మిద్దె కూలుతుంది. అంతమాత్రం తెలుసు. చింతగుంజ పైకొన దూలం కింద ఉంది, కిందికొన మగ్గం గుంట అంచున మెత్తటి నేలలో ఉంది, నడుమ నేను. గుంజ పక్కకు జారకుండా రెండు చేతులతో చుట్టుకుని, ఎడమ భుజం దానికి ఆనించి నిలబడ్డాను. నా భార్య బాలమణి, వడ్రంగం చేసే వడ్ల కురుమూర్తిని పిలుచుకు రావడానికి వానలో పరుగెత్తింది. ఆయన కోట అవతలి నుంచి రావాలి. అరవై దాటిన మనిషి, చెప్పులు చేతపట్టుకుని, పనిముట్ల సంచి నెత్తిన పెట్టుకుని, ఈ బురదలో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ రావాలి. ఎంత లేదన్నా గంట. గంటసేపు ఒక గుంజను పట్టుకోవడం ఏమంత గొప్ప, పొద్దస్తమానం గుంటలో కూర్చుని కాళ్లూ చేతులూ ఆడించేవాణ్ణి కదా అనుకున్నాను. అప్పుడే గుంజ భుజంలోకి దిగబడుతోంది. వదిలేసి బయటికి పోరాదా, మట్టీ కట్టే కదా, మళ్లీ కట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్లు వచ్చి నా ఎదురుగా ఉన్న మగ్గాన్ని చూడాలి. దాని మీద సగం నేసిన చీర ఉంది. నేసినవాడు నా కొడుకు కిష్టయ్య. వాడు పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

నాలుగు రోజుల నుంచి ముసురు. తెరిపి ఇస్తే కదా. పొద్దున నేను ముందు అర్రలో నా మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాను. కూర్చున్నానంతే, నేయడం లేదు. పోగు విసిరే నాడె ఒళ్లో పెట్టుకుని, రెండు అర్రలకూ నడుమనున్న పాత గోడలో నేను తొలిచిన కంతలోంచి ఈ అర్రలోకి చూస్తున్నాను. ఇరవై రెండు రోజులుగా నా పని అదే. ఉన్నట్టుండి కిర్రుమని చప్పుడైంది, వాడు నేసిన చీర మీద ఇంత మట్టిపెళ్ల పడింది. అప్పుడు నా మనసులోకి మొదట ఏమొచ్చిందో చెప్పుకోవాలంటే సిగ్గు. వాడే వచ్చాడనుకున్నాను. వచ్చి మగ్గం మీద చెయ్యి వేశాడనుకున్నాను. రెండో పెళ్ల పడ్డాక గానీ తలెత్తి పైకి చూడలేదు. గోడలో ఉండాల్సిన దూలం కొన నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంది. పెరట్లో పడి ఉన్న గుంజను ఎలా ఎత్తుకొచ్చానో, ఒక్కణ్ణే ఎలా నిలబెట్టానో నాకే తెలియదు. వంటింట్లోంచి బాలమణి పరుగున వచ్చి గడపలో నిలబడి, "ఓ... ఓ..." అని ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లుగా ఆమె నన్ను "కిష్టయ్య నాయినా" అనే పిలిచింది. మా ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. ఇప్పుడు నన్ను పిలవడానికి ఆమె దగ్గర మాట లేదు. "ఉరుకు, కురుమూర్తి మామను పిలువు" అని నేనే అన్నాను. నెత్తి మీదికి కొంగు లాక్కుని పోయింది.

ఈ దూలం వేప. అయిజ దగ్గర బాలస్వామి అనే రైతు చేనులో గాలికి ఒరిగిన చెట్టు. లడాయి మొదలైన తర్వాత ఇనుము కంటికి కనబడడం లేదు, లేకపోతే రైలుపట్టా వేసుకుందామని నాకు ఉండేది, మా వీధిలో అలా వేసుకున్నవాళ్లు ఇద్దరున్నారు. ఇనుమెందుకు, వేపకు పురుగు పట్టదు, మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటుంది అన్నాడు కురుమూర్తి. నిజమే అన్నాడు, పాపం ఆయనకేం తెలుసు. బాలస్వామి కూతురికి ఒక చీర ఇచ్చి ఆ చెట్టు తెచ్చుకున్నాం. బండి మీద నేనూ కిష్టయ్యా. వాడికి అప్పుడు పదహారు. దూలం మీద బోర్లా పడుకుని నిద్రపోయాడు వెధవ, ఎద్దులను అదిలించినప్పుడల్లా ఎక్కడ దొర్లిపడతాడోనని ఒక చేత్తో వాడి పంచె కొస పట్టుకుని ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని వచ్చాను. లేచేసరికి చెంప మీద బెరడు అచ్చు పడింది. ముఖం తుడుచుకుంటూ "నాయినా, గింత బరువు ఎవలు మోస్తరు?" అన్నాడు. గోడ మోస్తది అన్నాను. "గోడను?" భూమి మోస్తది. "భూమిని ఎవలు మోస్తరే?" నీ అయ్య మోస్తడురా, లేచి ఎద్దులకు నీళ్లు పెట్టు అన్నాను. పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు చూడాలని దారి పొడుగునా ఇంకో నాలుగు పిచ్చిమాటలు చెప్పాను. మీదినుంచి మట్టి రాలుతోంది, కళ్లు మూసుకోవాలి, కానీ మూసుకుంటే బండి ఇంకా నడుస్తూనే ఉంటుంది.

గుంజ కదిలింది. లేదు, నేనే కదిలాను. అరికాలు గుంట అంచు నుంచి జారింది. కాలు వెనక్కి పెట్టి మళ్లీ ఆనుకున్నాను.

కురుమూర్తి అప్పుడే చెప్పాడు. చెప్పలేదని ఆయన మీద నింద ఎలా వేస్తాను? ముందు అర్ర మా తాత కట్టినది. వెనక గోడ రెండు మూరల మందం, మట్టిది, తాత మిద్దెకు అడ్డంగా వేసిన దంతెల కొసలు అటువైపు నుంచి దాని మీదే కూర్చున్నాయి. ఆ గోడకు ఇటువైపున, పెరట్లోకి, కిష్టయ్య మగ్గం కోసం ఈ అర్ర వేసుకున్నాం. మూడు గోడలు కొత్తవి, నాలుగోది తాతది. కురుమూర్తి ఆ గోడను అరచేత్తో తట్టి చూశాడు, పశువును కొనేవాడు వీపు తట్టి చూసినట్టు. "గోపాలా, నలభై ఏండ్ల సంది ఇది ఒక్క మిద్దెను మోస్తుంది. ఇప్పుడు ఇంకో దిక్కున ఇంకో మిద్దె నెత్తిన పెడ్తమంటున్నవు. నా మాట ఇను. గోడ పక్కన్నే బండ ఏసి గుంజ నిలబెట్టుదాం. కొత్త దూలం గుంజ మీద కూసుంటది. పాత దాని బరువు పాతదే, కొత్త దాని బరువు కొత్తదే." ఎంత ముచ్చటగా చెప్పాడు. నేను చెవిన పెడితే కదా. గుంజ నిలబెడతానన్న చోటే గుంట తవ్వాలని నేను ముందే ముగ్గుతో గీత గీసుకున్నాను. ఇంకో మూలన తవ్వుకోవచ్చు, అర్రలో చోటు లేక కాదు. నా మగ్గం గోడకు అటువైపు ఆ చోటునే ఉంది. వాడి మగ్గం సరిగ్గా దానికి ఇటువైపు ఉండాలి. నడుమ గోడ ఒక్కటే ఉండాలి. అది నా పంతం. గుంజ పడుగుకు అడ్డమొస్తది మామా అని అబద్ధమాడాను. మగ్గం సంగతి మగ్గమోళ్లకే తెలవాలె అని ఆయన ఊరుకున్నాడు. పాత గోడలో దూలానికి చోటు తొలిచి, అడుగున వెడల్పాటి పలకరాయి పెట్టి, దాని మీద దూలం కొన కూర్చోబెట్టాడు. బరువు ఒక్క చోట గుచ్చుకోకుండా రాయి పరుచుకుంటుందన్నాడు. దూలం మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద కంప, కంప మీద చవుడు మన్ను. "ఇగ గీ గోడను ముట్టకు. నిండుగుంటే మోస్తది" అని చేతులు కడుక్కుని పోయాడు.

నెల తిరగకుండానే ముట్టాను.

ఏం చేయను మరి? పదేళ్లు వాడు నా పక్కనే కూర్చుని నేర్చుకున్నాడు. కండె చుట్టడం దగ్గర నుంచి కొంగు పట్టుపోగును నూలుపోగుతో మెలివేసి కలపడం దాకా. నా మోచేయి వాడి తలకు తగిలేది. కొత్త అర్రలోకి వెళ్లిన రోజు నుంచి నా మోచేతికి గాలి తప్ప ఏమీ తగలలేదు. గోడ అవతల టకటకమని వాడు నేస్తున్నాడు, అంచు సరిగా పడుతోందో లేదో, పోగు తెగితే చూసుకున్నాడో లేదో నాకు కనబడదు. ఊరికే లేచి వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. "ఏంది నాయినా, మళ్లొచ్చినవు?" అనేవాడు. ఒకరోజు గడ్డపార తీశాను. నావైపు గోడలో దీపం పెట్టుకునే గూడు ఉండనే ఉంది, సగం గోడ మా తాతే తీసి పెట్టాడు, మిగతా సగం నేను పొడిచాను. మొదట పిడికిలంత. వాడి ముఖం కనబడింది, నవ్వాడు. బాగానే ఉంది కానీ చేతులు కనబడలేదు. నేతగాడికి ముఖంతో ఏం పని, చేతులు చూడాలి కదా. ఇంకాస్త పెద్దది చేశాను. తర్వాత నాడె విసురు కనబడలేదని ఇంకాస్త. రెండు జానల వెడల్పయ్యే దాకా నాకు తృప్తి కలగలేదు. దూలం ఎక్కడో పైన ఉంది, కంత మోకాలెత్తున ఉంది, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నాను. అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకుంటూ నేసుకున్నాం. మూడేళ్లు నా అంత సుఖపడ్డవాడు ఈ గద్వాలలో లేడు. ఇంకొకరు అడిగితే ఒప్పుకోను గానీ, వాడు నాకంటే బాగా నేశాడు. ఆ మాట వాడితో ఎన్నడూ అనలేదు. రేపు అందాంలే, తలకెక్కుతుందిలే అనుకున్నాను.

ఉగాదికి బీట కనబడింది. కంత మూలనుంచి వెంట్రుకంత సన్నగా బయలుదేరి పైకి, పలకరాయి వైపు. కిష్టయ్యే చూపించాడు. మన్నుగోడ అన్నాక బీటలు రావా, పని చూసుకో అన్నాను. బాలమణి శుక్రవారం శుక్రవారం పేడా మన్నూ కలిపి మెత్తేది. వారం తిరిగేసరికి మళ్లీ అదే గీత. ఇప్పుడు గుంజ పట్టుకుని చూస్తుంటే అందులో నా నాలుగు వేళ్లూ పడతాయి. కురుమూర్తితో ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే తిడతాడు, తిట్టి మూయిస్తాడు. అందుకే చెప్పలేదు. వీధిలో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిన రోజులు కూడా ఉన్నాయి. మామతో దాగుడుమూతలు, నలభై ఐదేళ్ల వయసులో.

వాన పెరిగింది. మీద నీళ్లు నిలిచాయి, చప్పుడులోనే తెలుస్తోంది. మిద్దె మీది నీళ్లు బయటికి పోయే పర్నాల పూడుకుపోయింది కాబోలు. వానాకాలం పోయేదాకా వారానికోసారి ఎక్కి దాంట్లో ఆకూ అలమూ తీసేది కిష్టయ్య. నిచ్చెన కూడా వేసుకునేవాడు కాదు, గోడ పట్టుకుని కోతిలా ఎక్కేవాడు, కింద నుంచి వాళ్లమ్మ తిట్టేది. వాడు పోయాక ఆ పని ఒకటి ఉందని మా ఇద్దరికీ గుర్తు రాలేదు. అన్నం తినడమే గుర్తు లేనివాళ్లకు పర్నాల ఏం గుర్తుంటుంది? చవుడు మన్ను నాలుగు రోజులు నీళ్లు తాగింది. తాగిన నీళ్లన్నీ దంతెల మీద, దంతెలు దూలం మీద, దూలం ఇప్పుడు నా భుజం మీద.

నేను వాణ్ణి చూస్తూనే ఉన్నాను. అదే నన్ను చంపుతోంది. కళ్లముందు లేకుండా ఏ వనపర్తికో పోయి ఉండగా జరిగితే ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ రోజు పొద్దున్నుంచి కంతలోంచి చూస్తూనే ఉన్నాను. ఒకసారి మగ్గం దిగి పెరట్లోకి పోయాడు. వచ్చి కూర్చున్నాడు. నాలుగు పోగులు వేశాడో లేదో మళ్లీ దిగాడు. మూడోసారి దిగుతుంటే నాకు కోపమొచ్చింది. ముక్కు మీద ఉంటుంది నా కోపం. "ఏందిరా గది, పొద్దుగాల్ల సంది ఒక్క జానెడు పడలె, పని తప్పించుకునుడా?" అని కంతలోంచి అరిచాను. ముఖం ఇటు తిప్పాడు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. చూశాను. చూసి, రాత్రి నిద్ర చాలలేదేమో అనుకున్నాను, చూడండి. "ఏం లేదు నాయినా, వస్త" అన్నాడు. పోయాడు. నేను తల వంచుకుని నేసుకుంటున్నాను. పేక మీద పేక, కోపంకొద్దీ గట్టిగా కొడుతూ. పెరట్లో బాలమణి కేక వినబడేదాకా నేస్తూనే ఉన్నాను. అప్పటికే వీధి చివర రెండిళ్లలో గత్తర, కలరా అంటారే అది, ఉందని మాకు తెలియదు. దవాఖానకు మంచం మీద మోసుకుపోయాం. నాలుక ఎండిపోయి మాట రాలేదు, నావైపు చూస్తూనే ఉన్నాడు. తెల్లవారలేదు వాడికి. నేను వాడికి చెప్పిన ఆఖరి మాట పని తప్పించుకుంటున్నావా అని. ఒక్కరోజు ఎగ్గొట్టనివాడు, జ్వరమొస్తే కూడా గుంట దిగినవాడు. ఓరి నా తండ్రీ, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

శవం లేచినప్పుడు నేను నేలమీద పడి దొర్లాను. బాలమణి ఏడవలేదు. పదకొండో రోజున కూడా ఏడవలేదు. గుండె రాయి చేసుకుందని కొందరు, మతి చలించిందేమో శ్రీరంగాపురం తీసుకుపోయి స్వామి ముందు కూర్చోబెట్టండి అని కొందరు. నాకు కూడా లోపల ఎక్కడో కోపమే. తొమ్మిది నెలలు మోసినదానికి లేని ఏడుపు నాకెందుకు ఇంత అని. రోజూ ఒకసారి ఈ అర్రలోకి వచ్చేది. చీపురు పట్టుకుని. మగ్గం దగ్గర నిలబడేది. కంతలోంచి నేను చూస్తుంటే ఒకసారి తలెత్తి నావైపు చూసి, రెండు ఊడ్పులు ఊడ్చి వెళ్లిపోయేది. రాయే, అనుకున్నాను.

చేతులు మొద్దుబారాయి. భుజం తీయకుండానే గుంజ వెంట మోకాళ్ల మీదికి జారి, తల దానికే ఆనించాను. అలా దిగినప్పుడు కంత సరిగ్గా నా ఎదురుగా వచ్చింది. మూడేళ్లలో నేను ఎన్నడూ దానిలోంచి ఇటునుంచి చూడలేదు. ఇవతల కూర్చున్నవాడికి ఏం కనబడుతుందో నాకు తెలియదు. అటువైపు నా మగ్గం, నేను కూర్చునే చోటు, వెనక కిటికీ వెలుతురు. కంత నిండా నేను కూర్చునే చోటే. ఇంకేమీ లేదు. వాడు తల ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా, పోగు తెగినప్పుడల్లా, ఊరికే ఏదో ఆలోచించుకుందామనుకున్నప్పుడల్లా ఒక ముసలి ముఖం వాడి చేతులవైపు చూస్తూ ఉంది. పదహారేళ్లప్పుడు, పదిహేడేళ్లప్పుడు, పద్దెనిమిదేళ్లప్పుడు. కంతకు ఇటువైపు పైన రెండు మేకులున్నాయి. ఇవి నేను కొట్టినవి కావు, ఇన్నాళ్లూ నా కంటబడనూ లేదు. రెండింటికీ నడుమ నా పాత పంచె పీలిక ఒకటి, చక్కగా అంచు కుట్టి, పైకి చుట్టి, దారంతో ముడి వేసి ఉంది. దారం లాగితే కిందికి దిగి కంతను కప్పేటట్టు. వాడు చేసుకున్న తెర. దారం మీద దుమ్ము పేరుకుని ఉంది, ముడి బిగుసుకుపోయి ఉంది. చేసుకున్నాడు గానీ ఒక్కరోజు కూడా దించలేదు. నాయిన బాధపడతాడని. నా మీద నాకు అసహ్యం వేసింది, వాడి మీద ఎంత ప్రేమ పొంగిందో అంత అసహ్యం. ఒక్కరోజు దించుకోకపోయావురా, ఒక్కరోజు, నేను రెండు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి కదరా.

"జరుగు, జరుగు... కాదు, జరగకు! గట్లనే ఉండు!" గడపలో కురుమూర్తి. ఒంటి నిండా నీళ్లు కారుతున్నాయి. వెనక బాలమణి, చీర పిక్కలదాకా బురద. ఆయన ముందు మిద్దె ఎక్కి పర్నాల పొడిచాడు. పెరట్లోకి దబదబా నీళ్లు దుమికాయి, నా భుజం మీద బరువు సడలడం తెలిసింది. దిగివచ్చి గుంజ కింద పలక దూర్చి, చెక్క చీలలు రెండు ఎదురెదురుగా పెట్టి సుత్తెతో కొట్టాడు. దూలం మూలిగింది. ఒక వేలు లేచింది, రెండు వేళ్లు లేచింది. నన్ను చేయి వదలమన్నాడు. వదలడానికి చేతులు రాలేదు, ఆయనే వేళ్లు ఒక్కొక్కటి విప్పదీశాడు. అప్పుడు గోడవైపు తిరిగి కంతను చూశాడు. దాని అంచు వెంట వేలితో తడిమాడు. తిడతాడనుకున్నాను.

"గిదేందిరా గోపాలా" అన్నాడు నెమ్మదిగా. "దూలం బరువు రాయి మీదికి దిగుతది, రాయి మీదికెల్లి గోడలకు, గోడలకెల్లి నేలకు. గది దిగే తొవ్వల కంత పెడితివి. దేనికి?"

"పోరడు కండ్లకు కనబడాలని" అన్నాను.

ఆయన ముఖం తుడుచుకుని, మగ్గం వైపు చూసి, అడుగు పక్కకు వేసి గుంట దగ్గర కూర్చున్నాడు. "ఇప్పుడు గీ కట్టు ఒక్క రోజు ఆగుతది. రెండు తీర్లున్నయి. కంత నిండ రాళ్లు కూరి గోడను మళ్ల గోడ చెయ్యాలె. లేదంటే గీ మగ్గం గుంతను రాళ్లతోని పూడ్చి, బండ ఏసి, గుంజ నిలబెట్టాలె. నన్నడిగితే గుంజే మేలు. గప్పుడు చెప్పిందే ఇప్పుడు చెప్తున్న."

"గుంత పూడ్చు మామా" అన్నాను. ఆలోచించలేదు. మగ్గం విప్పుకుంటాం, చీర జాగ్రత్తగా చుట్టి దాచుకుంటాం, గుంట పోతే పోనీ, కంత మాత్రం ఉండాలి. తెర చూశాక కూడా, ఇంత తెలిశాక కూడా, కంత ఉండాలి. రేపు పొద్దున లేచి నేను ఎక్కడ కూర్చుని ఎటు చూడాలి?

"పూడ్చొద్దు." బాలమణి. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇరవై రెండు రోజుల్లో ఆమె గొంతు అంత గట్టిగా వినలేదు నేను. "గుంత పూడ్చొద్దు. కంత మూయి మామా."

"నువ్వూకో, నీకు తెల్వదు" అన్నాను.

"నాకు తెల్వదు. నాకేం తెల్వదు. నీకే తెలుసు." తడికొంగు పిండి భుజాన వేసుకుంది. "వాని కాళ్లు ఆడిన జాగ గది. తొక్కుడు చెక్కల మీద వాని మడిమలు అరిగిన మచ్చ ఇంక ఉన్నది. ఒక్కపారి దాంట్ల కూసోవాలె నేను. రోజు వస్త. వచ్చినప్పుడల్లా గాడ్నుంచి నువ్వు సూస్తనే ఉంటవు. నువ్వు సూస్తుంటె నాకు ఏడుపు రాదు. నేను ఏడిస్తె నువ్వు ఇంక ఇరిగిపోతవని బుగులు. వాడు నిన్ను సూసి తెర ఏసుకోలె. నేను నిన్ను సూసి ఏడ్వలె. ఇగ నాతోని కాదు. ఒక్క గోడ ఇయ్యి నాకు."

తెర సంగతి ఆమెకు తెలుసు. దానికి అంచు కుట్టింది ఎవరో అప్పుడర్థమైంది. కురుమూర్తి నావైపు చూడకుండా సంచిలో ఏదో వెతుక్కుంటున్నాడు. దూలం మీది నుంచి నీటిచుక్కలు ఒక్కొక్కటి చీర మీద పడుతున్నాయి, బాలమణి వంగి కొంగుతో అద్దుతోంది, రుద్దకుండా, అద్దుతోంది.

"గోడ నిండుగుంటే మోస్తదా మామా?" అన్నాను.

"నిండుగ కూరితే మోస్తది. గుంజంత పక్కా కాదు. పదేండ్లు ఢోకా లేదు."

"కంతనే మూయి" అన్నాను.

రాళ్లు పెరట్లోనే ఉన్నాయి. గట్టి మన్ను వంటింటి మూలన పొడిది ఉంటే తడిపాను. కురుమూర్తి నన్ను ముందు అర్రలోకి పొమ్మన్నాడు, ఇటునుంచి ఆయన, అటునుంచి నేను. నా గుంట అంచున కూర్చుని రాయి మీద రాయి పెట్టాను. పెద్దవి కింద, నడుమ సందుల్లో చిన్నవి, ప్రతి రాయీ సుత్తెతో బిగించి. అవతల వాడి మగ్గం కింద నుంచి కొంచెం కొంచెంగా పోయింది. ముందు గుంట పోయింది. తర్వాత తొక్కుడు చెక్కల తాళ్లు. తర్వాత చీర అంచు, వాడి చేతులుండే చోటు. ఆఖరికి పిడికిలంత వెలుతురు మిగిలింది, అందులో బాలమణి చీర ముక్క ఒకటి కదిలింది. నేను రాయి చేతిలో పట్టుకుని కాసేపు ఆగాను. అవతలి నుంచి కురుమూర్తి "పెట్టు" అన్నాడు. పెట్టాను. మన్ను మెత్తాను. ఆయన పైకెక్కి పలకరాయి కింద ఆఖరి చీల కొట్టాడు, గోడంతా ఒకసారి అదిరి నిలబడింది. "పట్టింది" అన్నాడు.

తర్వాత ఆయన ముందు అర్రలోకి వచ్చి గడప పక్కన కూర్చుని కాళ్ల బురద గీసుకుంటున్నాడు. నేను నా గుంటలోకి దిగి తడిగోడకు ఎదురుగా కూర్చున్నాను. అవతల ఏ చప్పుడూ లేదు. పర్నాల నీళ్లు సన్నబడ్డాయి. చాలాసేపటికి గోడ లోపలి నుంచి వచ్చినట్టుగా ఒక మూలుగు వినబడింది. దూలం మళ్లీ దిగుతోందని అదిరిపడి లేవబోయాను. కురుమూర్తి చేయి అడ్డం పెట్టాడు.

"దూలం కాదు. కూసో."

మూలుగు పెద్దదైంది. కిష్టా అంది, నా కిష్టా అంది, ఎవరికీ చెప్పని ముద్దుపేర్లు ఏవేవో పెట్టి పిలిచింది, తర్వాత మాటలు పోయి ఉత్త గొంతే మిగిలింది. నేను లేవలేదు. ఇరవై రెండు రోజుల తర్వాత నా కొడుకు కోసం వాడి తల్లి ఏడుస్తోంది, ఆమెను చూడకుండా నేను గోడకు ఇవతల కూర్చున్నాను.